ఉదయం 90, మధ్యాహ్నం 45: తేమ ఎటు పోయింది?

వాతావరణ శాస్త్రం డిగ్రీలో చేరి మూడు నెలలైన ఒక విద్యార్థిని, పేరు బయటపెట్టవద్దని కోరుతూ పొడవైన ఉత్తరం రాశారు. చిన్నప్పటి నుంచి మబ్బులంటే ఆమెకు ఇష్టం. ఎవరి బలవంతమూ లేకుండా, కోరి ఈ చదువులో చేరారు. ఇప్పుడు రాత్రి వల్లె వేసిన నిర్వచనాలు తెల్లవారేసరికి ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయట. తోటివారికేమో సమీకరణాలు నోటికి వచ్చట. ఆమెను బాగా కుంగదీసినవి మూడు సంఘటనలు.

మొదటిది ప్రయోగశాల రికార్డు. ఒక రోజు ఉదయం ఆరు గంటలకు ఉష్ణోగ్రత 22 డిగ్రీలు, సాపేక్ష ఆర్ద్రత 90 శాతం అనీ, మధ్యాహ్నం రెండు గంటలకు 34 డిగ్రీలు, 45 శాతం అనీ నమోదు చేసి, కింద ‘మధ్యాహ్నానికి గాలిలోని తేమ సగానికి తగ్గింది’ అని రాశారు. అధ్యాపకుడు ఆ వాక్యం మీద ఎర్రగీత కొట్టి రికార్డు తిరిగి ఇచ్చేశారు. ఎందుకు తప్పో ఆయన చెప్పలేదు, ఈమె అడగలేదు. రెండోది వాతావరణ పటం. గాలి అధిక పీడనం నుంచి అల్పపీడనం వైపు వీస్తుందని పుస్తకంలో ఉంటే, పటం మీద బాణాలేమో సమభార రేఖల (ఒకే పీడనమున్న చోట్లను కలిపే గీతల) వెంబడే సాగుతున్నాయి. తరగతిలో అందరూ తలలు ఊపుతుంటే తనకొక్కదానికే అర్థం కాలేదేమోనని నోరు విప్పలేదు. మూడోది ఇంట్లో జరిగింది. పదిమంది బంధువుల మధ్య పెదనాన్న గారు, ‘రేపు వాన పడుతుందో లేదో ఖాయంగా చెప్పలేనివాళ్లు యాభై ఏళ్ల తర్వాత ఎండలు ఎలా ఉంటాయో చెబుతారా?’ అని అడిగారు. జవాబు తోచలేదు. అంతకన్నా బాధ ఏమిటంటే, ఆ ప్రశ్న సరైనదే కదా అని తనకే అనిపించింది.

వేరే శాఖకు మారడానికి ఇంకా ఐదు వారాల గడువుంది. ‘నేను ఈ చదువుకు తగినదాన్నేనా? మారిపోతే మంచిదా?’ అని ఆమె అడుగుతున్నారు.

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఉండాలా, మారాలా అన్నది చివరకు తీసుకుందాం. ఎందుకంటే ఆ ప్రశ్న మీ మనసులో విడిగా పుట్టలేదు. జవాబు దొరకని మూడు సందేహాలు కలిసి ‘నేను తగను’ అన్న ఒక్క మాటగా గడ్డకట్టాయి. ఆ మూడింటినీ విడదీసి చూస్తే మీరు ఎక్కడ నిలబడ్డారో మీకే కనిపిస్తుంది.

ఎర్రగీత దగ్గర మొదలుపెడతాను. మీ రీడింగులు నాకు చాలా నచ్చాయి. వాటిలోనే జవాబు ఉంది.

22 డిగ్రీల దగ్గర గాలిలో నీటి ఆవిరి గరిష్ఠంగా కలిగించగల పీడనం (దాన్ని కొలిచే ప్రమాణం హెక్టోపాస్కల్) సుమారు 26.4 హెక్టోపాస్కల్‌లు. మీరు చూసినది అందులో 90 శాతం, అంటే 23.8. ఇప్పుడు మధ్యాహ్నం చూడండి. 34 డిగ్రీల దగ్గర ఆ గరిష్ఠం 53.2కు పెరుగుతుంది. అందులో 45 శాతం ఎంత? 23.9. ఉదయం ఎంత ఆవిరి ఉందో మధ్యాహ్నమూ అంతే ఉంది! తేమ ఎటూ పోలేదు. పెరిగింది కొలపాత్ర. పావుశేరు పాలను చిన్న గిన్నెలో పోస్తే అంచు దాకా వస్తాయి, పెద్ద గిన్నెలో పోస్తే సగానికి ఉంటాయి. సాపేక్ష ఆర్ద్రత చెప్పేది గిన్నె ఎంత నిండిందన్నదే. పాలెన్ని అన్నది అది చెప్పదు. ‘సాపేక్ష’ అన్న మాట దాని పేరులోనే ఉన్నా, వల్లె వేసేటప్పుడు ఆ మాట మీద మన చూపు నిలవదు.

ఈ గిన్నె పోలికకు ఒక హద్దు ఉంది. గాలి స్పంజిలా నీటిని పట్టుకోదు. ఉష్ణోగ్రత పెరిగితే నీటి అణువులు ద్రవాన్ని వదిలి ఎగిరే వేగం పెరుగుతుంది. ఎగిరేవీ తిరిగి చేరేవీ సమానమయ్యే స్థాయి అప్పుడు పైకి జరుగుతుంది. సాధారణ ఉష్ణోగ్రతల్లో ఒక్క డిగ్రీ పెరిగితే ఆ గరిష్ఠం ఆరేడు శాతం పెరుగుతుంది. ఈ ఒక్క సంఖ్యను గుర్తుంచుకోండి, డిగ్రీ పూర్తయ్యే వరకు మీకు పనికొస్తుంది.

మరి గాలిలో నిజంగా ఎంత ఆవిరి ఉందో తెలుసుకోవడం ఎలా? దానికే తుషార స్థానం. చల్లటి నీళ్లున్న గాజు గ్లాసును బల్ల మీద పెట్టి చూడండి. కాసేపటికి బయటి గోడ మసకబారుతుంది, తర్వాత సన్నటి చుక్కలు పుడతాయి, అవి ఒకదానితో ఒకటి కలిసి బరువెక్కి గీతలా జారతాయి. గ్లాసు కారలేదు. దాని చుట్టూ ఉన్న గాలి చల్లబడి, తనలోని ఆవిరిని ఇక ఆవిరిగా ఉంచలేని ఉష్ణోగ్రతకు చేరింది. అదే తుషార స్థానం. మీ ఉదయపు రీడింగుకు లెక్క కడితే అది 20 డిగ్రీల పైచిలుకు వస్తుంది. మధ్యాహ్నపు రీడింగుకూ అంతే. అది మారలేదంటే ఆవిరి మారలేదన్నమాట. మీ వాక్యం తప్పే. కానీ ఆ తప్పును పట్టించే ఆధారాలన్నీ మీరే జాగ్రత్తగా, సరైన వేళకు సేకరించారు. పరిశీలన బాగా చేసి అర్థం తప్పుగా తీసిన విద్యార్థిని దిద్దడం చాలా తేలిక. రీడింగులే కల్పించి రాసేవారికి ఎవరూ ఏమీ చేయలేరు.

ఇంకో అడుగు వేద్దాం. మధ్యాహ్నం మీ 34కూ తుషార స్థానానికీ మధ్య దాదాపు 14 డిగ్రీల తేడా ఉంది. నేల మీది గాలి వేడెక్కి పైకి లేస్తే, పైన పీడనం తక్కువ కాబట్టి వ్యాకోచించి కిలోమీటరుకు 9.8 డిగ్రీల చొప్పున చల్లబడుతుంది. దాని తుషార స్థానం కూడా తగ్గుతుంది, కానీ కిలోమీటరుకు రెండు డిగ్రీల లోపే. అంటే ఆ తేడా ప్రతి 125 మీటర్లకూ ఒక డిగ్రీ చొప్పున కరిగిపోతుంది. 14ను 125తో గుణించండి. సుమారు 1,750 మీటర్ల ఎత్తులో ఆ గాలిలోని ఆవిరి చుక్కలుగా మారడం మొదలవుతుంది. మధ్యాహ్నం పత్తి మూటల్లా లేచే మబ్బుల అడుగుభాగం కత్తితో కోసినట్టు ఒకే మట్టంలో ఎందుకుంటుందో ఇప్పుడు తెలిసిందా? చిన్నప్పుడు మీరు ఇష్టంగా చూసిన మబ్బు ఎంత ఎత్తులో ఉందో, రికార్డు పుస్తకంలో కొట్టివేతకు గురైన ఆ పేజీయే చెబుతోంది.

గాలి సంగతికి వస్తాను. పీడనమంటే మన నెత్తి మీదున్న గాలి బరువు. సముద్ర మట్టం దగ్గర దాని ప్రామాణిక విలువ 1013.25 హెక్టోపాస్కల్‌లు. చదరపు మీటరుకు ఇంచుమించు పది టన్నులు. ఒక చోట ఈ బరువు ఎక్కువ, పక్కచోట తక్కువ ఉంటే గాలి తక్కువ వైపు కదలబోతుంది. మీ పుస్తకంలోని వాక్యం అక్కడికే సరి. కదలిక మొదలైన తర్వాతి కథను అది చెప్పలేదు.

భూమి తిరుగుతోంది కాబట్టి కదిలే గాలి ఉత్తరార్ధగోళంలో తన కుడికీ, దక్షిణార్ధగోళంలో ఎడమకూ మళ్లుతుంది. వేగం పెరిగిన కొద్దీ ఈ మళ్లింపు బలపడుతుంది. చివరకు పీడనం తోసే బలం ఒక వైపు, ఈ మళ్లింపును కలిగించే కొరియాలిస్ బలం సరిగ్గా దానికి ఎదురుగా నిలుస్తాయి. అప్పుడు గాలి ఎటూ దిగలేక, ఎక్కలేక, సమభార రేఖ వెంబడే సాగుతుంది. మీరు పటంలో చూసింది ఇదే. నేలకు దగ్గరలో చెట్లు, కొండలు, ఇళ్లు గాలిని నెమ్మదింపజేస్తాయి. వేగం తగ్గితే మళ్లింపూ తగ్గుతుంది. అందుకే అక్కడ గాలి రేఖలను కొద్దిగా ఏటవాలుగా దాటుతూ అల్పపీడనం లోపలికి చుట్టుకుంటుంది. లోపలికి చేరిన గాలికి పైకి లేవడం తప్ప దారి లేదు. పైకి లేస్తే చల్లబడుతుంది, చల్లబడితే మబ్బు పడుతుంది. అల్పపీడనం అనగానే వాన ఎందుకు గుర్తొస్తుందో తెలియాలంటే పీడనం, గాలి, తేమ అన్న మూడు అధ్యాయాలనూ ఒకే గొలుసుగా చదవాలి.

విద్యార్థిగా ఉన్నప్పుడు నేనూ రేఖలకు అడ్డంగా, సూటిగా బాణాలు గీశాను. నాకు దిద్ది చెప్పిన పెద్దాయన పటం పక్కన పెట్టి నన్ను ఆరుబయటికి తీసుకెళ్లారు. వీపుకు గాలి తగిలేలా నిలబెట్టి ఎడమ చెయ్యి చాపమన్నారు. ‘అల్పపీడనం అటు ఉంది, లోపలికి వెళ్లి పటంలో చూసుకో’ అన్నారు. చూస్తే అటే ఉంది. ఆ పటంలో నేను మొదటిసారి ఆకాశాన్ని చూశాను. 1857లో డచ్ శాస్త్రవేత్త బైస్ బలాట్ చెప్పిన సూత్రమిది. ఉత్తరార్ధగోళంలో ఎడమ, దక్షిణార్ధగోళంలో కుడి. భూమధ్యరేఖ దగ్గర మళ్లింపు దాదాపు శూన్యం కాబట్టి అక్కడ ఈ సూత్రం పనిచేయదు. స్థానికంగా వీచే చిన్న గాలులకూ వర్తించదు. ఓ నాలుగు రోజులు ప్రయత్నించండి.

ఇక పెదనాన్న గారి ప్రశ్న. దీనికి ముందు ఒక మాట చెప్పాలి. మీ తికమకలో కొంత మన భాష వల్ల వచ్చింది. భూమి చుట్టూ ఉన్న గాలి పొర వాతావరణమే, ఈ రోజు ఎండగా ఉందా వానగా ఉందా అన్నదీ వాతావరణమే. పత్రికల్లో ‘వాతావరణ మార్పు’ అన్నప్పుడు దశాబ్దాల లెక్కా వాతావరణమే! ఒకే మాట మూడు బరువులు మోస్తోంది. బడి పుస్తకాల్లో మూడో అర్థానికి ‘శీతోష్ణస్థితి’ అన్న చక్కటి మాట ఉంది. కనీసం మీ నోటు పుస్తకంలోనైనా ఈ రెండింటినీ వేరుగా రాయండి. ఏ వాక్యం దేని గురించో తేలిపోతుంది.

వాతావరణమంటే ఈ గంటలో, ఈ చోట గాలి ఉన్న తీరు. శీతోష్ణస్థితి అంటే ఆ చోటు ఏయే తీరులకు అలవాటు పడిందో, ఎంత తరచుగానో చెప్పే లెక్క. ప్రపంచ వాతావరణ సంస్థ దీనికి 30 ఏళ్ల కాలాన్ని ప్రమాణంగా తీసుకుంటుంది. ఇప్పుడు వాడుకలో ఉన్నది 1991–2020. ఈ లెక్కను సగటు ఒక్కటే అనుకుంటే మళ్లీ ఎర్రగీత పడుతుంది. ఏడాది సగటు 18 డిగ్రీలే ఉన్న రెండు చోట్లను తీసుకోండి. ఒకచోట ఏడాదంతా ఇంచుమించు అదే చలువ. రెండోచోట ఎండాకాలం మాడ్చేస్తుంది, చలికాలం గడ్డకట్టిస్తుంది. వీటి సగటు ఒక్కటే, శీతోష్ణస్థితి మాత్రం ఒక్కటి కాదు. హెచ్చుతగ్గులు, విపరీతాలు, అవి వచ్చే వరుస కూడా అందులో భాగం.

ఇప్పుడు ఆయన ప్రశ్నలోని చిక్కుముడి విప్పవచ్చు. 1961లో అమెరికా వాతావరణ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ లోరెంజ్ కంప్యూటర్‌లో వాతావరణపు నమూనా ఒకటి నడుపుతూ, మధ్యలో నుంచి మళ్లీ మొదలుపెట్టాలని ఒక విలువను తిరిగి ఎక్కించారు. యంత్రం లోపల 0.506127 అని ఉన్నదాన్ని కాగితం మీద అచ్చయిన ప్రకారం 0.506 అని ఇచ్చారు. మొదట్లో రెండు ఫలితాలూ కలిసే నడిచాయి. పోనుపోను విడిపోయి, చివరకు ఒకదానికొకటి పోలిక లేకుండా పోయాయి. 1963లో ఆయన దీని సారాన్ని ప్రచురించారు. ఆరంభ స్థితిలో రవ్వంత తేడా ఉన్నా రోజులు గడిచేకొద్దీ అది పెరిగి పెద్దదవుతుంది. అందుకే ఏ రోజు ఎక్కడ వాన అన్న అంచనాకు ఇంచుమించు రెండు వారాల దగ్గర హద్దు పడుతుంది.

ఆ హద్దు శీతోష్ణస్థితికి ఎందుకు లేదంటే, అక్కడ అడిగే ప్రశ్నే వేరు. ఆరు నెలల తర్వాత ఫలానా తేదీన వాన పడుతుందా అని పెదనాన్న గారిని అడగండి, తెలియదంటారు. ఉత్తరార్ధగోళంలోని ఒక సమశీతోష్ణ ప్రాంతంలో వచ్చే జులై, జనవరి కన్నా వేడిగా ఉంటుందా అని అడగండి, తడుముకోకుండా ఉంటుందంటారు. తెలియకుండానే ఆయన శీతోష్ణస్థితి అంచనా వేశారు! ఆరంభ స్థితి తెలియకపోయినా ఆ జవాబు తప్పదు. దానికి ఆధారం భూమి అక్షం 23.5 డిగ్రీలు వాలి ఉండటం. (భూమి సూర్యుడికి అతి దగ్గరగా వచ్చేది జనవరి మొదట్లో. కాబట్టి వేసవికి కారణం దగ్గరితనం కాదు. ఏటా కొత్త విద్యార్థుల్లో సగం మంది ఇక్కడ తడబడతారు, మీరు తడబడకండి.) రేపటి వాన ఆరంభ స్థితి మీద ఆధారపడితే, దీర్ఘకాలపు తీరు మాత్రం లోపలికి వచ్చే వేడి ఎంత, బయటికి పోయే వేడి ఎంత అన్న జమాఖర్చు మీద ఆధారపడుతుంది.

ఆ జమాఖర్చులో ఒక పెద్ద పద్దు చూపిస్తాను. భూమి తనపై పడే ఎండలో దాదాపు 30 శాతాన్ని తిప్పికొడుతుంది. మిగిలినదాన్నిబట్టి లెక్కకడితే, వేడిని పట్టి ఉంచే వాయువులే లేకపోతే భూమి సగటు ఉష్ణోగ్రత సున్నాకు 18 డిగ్రీలు దిగువన ఉండాలి. నిజానికి అది సుమారు 15. ఈ 33 డిగ్రీల వెచ్చదనం నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ వంటి వాయువుల చలవే. పారిశ్రామిక యుగానికి ముందు కార్బన్ డయాక్సైడ్ పది లక్షల భాగాల్లో 280 భాగాలుండేది. ఇప్పుడది 420 దాటింది. హవాయిలోని మౌనా లోవా పర్వతం మీద 1958 నుంచి దీన్ని కొలుస్తున్నారు. వేడి బయటికి పోయే దారి ఇరుకైతే సగటు ఏ వైపు జరుగుతుందో చెప్పడానికి, యాభై ఏళ్ల తర్వాత ఫలానా మంగళవారం వాన పడుతుందో లేదో తెలియనక్కరలేదు. ఎంత జరుగుతుందన్న దానిలో అనిశ్చితి ఉంది. మనుషులు ఇకపై ఎంత ఇంధనం కాలుస్తారో, మబ్బుల తీరు ఎలా మారుతుందో ముందుగా తెలియదు. ఆ సంగతి కూడా ఆయనకు దాచకుండా చెప్పండి. పెద్దవారు నిజాయితీని త్వరగా పసిగడతారు.

ఇప్పుడు మీరు అడిగిన అసలు ప్రశ్న. మీ ముందు కొన్ని దారులున్నాయి, ప్రతిదానికీ ఒక ఖరీదు ఉంది.

ఒకటి, ఈ ఐదు వారాలూ ఉండి చదివే పద్ధతి మార్చి చూడటం. రోజూ ఒకే వేళకు ఉష్ణోగ్రత, తడి బల్బు (తడి గుడ్డ చుట్టిన థర్మామీటరు) రీడింగు, పీడనం, గాలి దిశ, మబ్బు తీరు రాయండి. పక్కన తుషార స్థానం లెక్కకట్టండి. కింద ‘రేపు ఇలా ఉండవచ్చు, ఎందుకంటే’ అని ఒక్క వాక్యం, మర్నాడు అది నిలిచిందో లేదో ఒక్క వాక్యం. ‘ఎందుకంటే’ అన్న మాట మానేస్తే ఈ శ్రమంతా వృథా. దీనికి రోజూ అరగంట పోతుంది, పరీక్షల పాఠాల్లో కొంచెం వెనకబడవచ్చు కూడా. అయితే గడువు ముగిసేసరికి ఈ చదువు మీకు నచ్చుతుందో లేదో ఊహతో పని లేకుండా తెలుస్తుంది.

రెండు, ఆ అధ్యాపకుడిని కలవడం. ‘నా వాక్యం ఎందుకు తప్పు?’ అని అడిగితే విసుక్కోవచ్చు. అందుకే ఖాళీ చేతులతో వెళ్లకండి. రెండు పూటల తుషార స్థానాలూ కట్టి తీసుకెళ్లి, ‘ఆవిరి మారలేదని ఇలా తేలింది, సరేనా?’ అని అడగండి. పని చేసి వచ్చిన విద్యార్థిని చూస్తే చాలామంది గురువుల స్వరం మారుతుంది. మారకపోయినా మీకు నష్టమేమీ లేదు, జవాబు అప్పటికే మీ చేతిలో ఉంటుంది. తలలు ఊపిన సహవిద్యార్థుల్లో ఎందరికి ఆ బాణాలు అర్థమయ్యాయో కూడా ఒకసారి కనుక్కోండి.

మూడు, గణితం. తోటివారికి సమీకరణాలు నోటికి వచ్చని రాశారు గానీ, మీకు గణితమంటే ఎలా ఉంటుందో ఉత్తరంలో ఎక్కడా రాయలేదు. దీన్ని మీరు మీతో తేల్చుకోవాలి. వచ్చే ఏళ్లలో కలనగణితం, ద్రవగతి శాస్త్రం తప్పవు. గణితంలో వెనకబడ్డానని భయమైతే, రోజూ సాధన చేస్తే ఒకటి రెండు సెమిస్టర్లలో తీరుతుంది. గణితమంటేనే అయిష్టమైతే, మబ్బుల మీది ప్రేమ ఒక్కటే మిమ్మల్ని చివరి దాకా మోయలేదు. ఇది చెప్పడం నాకు కష్టంగానే ఉంది, కానీ దాచడం న్యాయం కాదు. సమీకరణాలు నోటికి వచ్చినంత మాత్రాన పని అయిపోదని చెప్పే ఉదాహరణ కూడా ఒకటుంది. రిచర్డ్‌సన్ అనే శాస్త్రవేత్త చేత్తో లెక్కలు కట్టి, ఆరు గంటల్లో పీడనం 145 హెక్టోపాస్కల్‌లు మారుతుందని తేల్చారు. నిజంగా అది దాదాపు మారనే లేదు. ఆ తప్పు లెక్కను ఆయన 1922లో తన పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అచ్చువేశారు. సమీకరణాల్లో లోపం లేదు, మొదట తీసుకున్న గాలి, పీడనాల విలువలు ఒకదానికొకటి పొసగలేదు. 1950లో కంప్యూటర్ మీద జరిగిన తొలి అంచనాలకు ఆయన వేసిన బాటే ఆధారమైంది.

నాలుగు, మారిపోవడం. భూగోళశాస్త్రం, జలవనరులు, పర్యావరణం, వ్యవసాయం, ఎటు వెళ్లినా ఈ మూడు నెలల్లో నేర్చుకున్నది వెంట వస్తుంది. మరో శాఖ నిజంగా మిమ్మల్ని పిలుస్తుంటే వెళ్లండి, అందులో ఓటమి లేదు. కొత్తచోట తప్పిన పాఠాలు పూడ్చుకోవాలి, అక్కడా మొదటి నెలలు తికమకగానే ఉంటాయి, అంతే. బంధువుల ముందు తలవంపు అయిందనో, ఎర్రగీత పడిందనో మారదలచుకుంటే మాత్రం కాస్త ఆగండి. అక్కడా ఎవరో ఒకరు గీత కొడతారు, ఎవరో ఒకరు జవాబు తోచని ప్రశ్న వేస్తారు.

నా మొగ్గు మొదటి రెండు దారుల వైపే అని మీకు అర్థమయ్యే ఉంటుంది. నిర్ణయం మీది. గడువుకు నాలుగు రోజుల ముందు, ఉన్నా మారినా, ఆ నోటు పుస్తకంలోని ఒక వారం పేజీలు నాకు రాసి పంపండి. తుషార స్థానం గడి, ‘ఎందుకంటే’ వాక్యాలు తప్పకుండా ఉండాలి. తప్పిన అంచనాలను కొట్టివేయకుండా అలాగే పంపండి. నేను ముందు చదివేవి అవే.